సాన్షో దయూ, అమ్మ పంపిన క్యాసెట్లు

మా చెల్లికి అప్పటికి అమ్మ మొహం గుర్తులేదు, గొంతు మాత్రం గుర్తుంది. 1999 ఎండాకాలం, అమ్మ నాలుగేళ్ళకి కువైట్ నుంచి వస్తోందని నేనూ చెల్లీ అవ్వా పొద్దున్నే రాజంపేట బస్టాండుకి పోయి కూర్చున్నాం. మద్రాసు నుంచి బస్సొచ్చింది, అందరూ దిగిపోయాక చివర్లో ఒకామె దిగింది, బాగా సన్నబడిపోయింది, ముందువైపు జుట్టు తెల్లబడింది, తాడు కట్టిన పెద్ద అట్టపెట్టెని కండక్టరు కిందికి అందిస్తా ఉంటే పట్టుకోలేక తడబడతా ఉంది. చెల్లి పోయి అవ్వ కొంగు వెనకాల దాక్కుంది. అమ్మ పోయేటప్పటికి దానికి రెండేళ్ళే. అమ్మ ముందుకు రాలేదు, అక్కడే ఆ దుమ్ములోనే గొంతుక్కూర్చుని "పాపా" అని పిలిచింది. అంతే, చెల్లి కొంగు వదిలేసి బయటికొచ్చి నిలబడి అట్లే చూస్తా ఉండిపోయింది, ఎందుకంటే ఆ పిలుపు మా ఇంట్లో టేప్ రికార్డర్లోంచి వచ్చే పిలుపు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఒక సినిమా వల్ల. జపాన్ సినిమా, 1954ది, పేరు సాన్షో దయూ, అంటే పెత్తందారు సాన్షో అని. తీసినాయన కెంజి మిజోగుచి. నేను దాన్ని మొదటిసారి 2007లో చూశా, హైదరాబాద్‌లో అమీర్‌పేటలో కోచింగ్ కోసం ఉన్నప్పుడు. దసరాకి అందరూ ఊర్లకి పోయారు, రూంలో నేనూ ఇంకొకడూ మిగిలాం, వాడికి సినిమాలంటే పిచ్చి, ఏయే దేశాలవో హార్డ్ డిస్కు నిండా పెట్టుకునేవాడు. ఆ రాత్రి ఇది పెట్టాడు. నాకు జపాన్ సినిమా అంటే సమురాయ్‌లూ కత్తులూ అంతే తెలుసు, కాసేపు చూసి పడుకుందాం అనుకుని గోడకి దిండేసుకుని కూర్చున్నా. రెండు గంటల పైన ఉంటది. అయిపోయేసరికి వాడు నిద్రపోయాడు, నేను బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి పెట్టి ఏడ్చా, వాడికి వినపడకూడదని.

కథ చాలా పాతది, దాదాపు వెయ్యేళ్ళ కిందటి జపాన్లో జరుగుతుంది. ఒక గవర్నర్ రైతుల పక్షాన నిలబడినందుకు ఆయన్ని పదవి నుంచి తీసేసి దూరంగా త్సుకుషికి పంపించేస్తారు. పోయేముందు కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని మాటలు చెప్తాడు, దయ లేకపోతే మనిషీ మృగమూ ఒకటే, నీ విషయంలో నువ్వు ఎంత కఠినంగా అయినా ఉండు కానీ ఎదుటివాళ్ళ మీద దయ చూపించు, అని. చిన్న కన్నోన్ బొమ్మ ఒకటి చేతిలో పెడతాడు. కన్నోన్ అంటే మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే, దయకి రూపం అంటారు, ఇక్కడి నుంచి చైనా మీదుగా అక్కడికి పోయేసరికి పేరు అట్లా మారింది. కొన్నేళ్ళకి ఆ తల్లి తమాకి, కొడుకు జుషియో, కూతురు అంజు, వాళ్ళ పనామె, నలుగురూ ఆయన దగ్గరికి నడుచుకుంటా బయల్దేరతారు. దారిలో రాత్రిపూట ఎవరూ చోటివ్వరు. పిల్లలిద్దరూ గుడిసెలాగా వేసుకుందామని కొమ్మలు విరుస్తా ఉంటారు, ఒక కొమ్మ విరక్క ఇద్దరూ కలిసి గుంజితే అది విరిగి ఇద్దరూ కింద పడతారు, అప్పుడు దూరం నుంచి తల్లి "జుషియో... అంజూ..." అని పిలుస్తుంది. ఆ పిలుపు గుర్తు పెట్టుకోండి.

పూజారిణిలాగా ఉన్న ఒకామె వచ్చి మా ఇంట్లో ఉండండి అని తీసుకుపోతుంది, తెల్లారి పడవ మీద పోతే దగ్గర అంటుంది, అంతా మోసం. తల్లినీ పనామెనీ పడవలో తోసేసి, పిల్లల్ని ఒడ్డున పట్టేసుకుంటారు. ఆ పెనుగులాటలో పనామె నీళ్ళలో పడిపోతుంది. పడవ దూరమైపోతా ఉంటుంది, తల్లి అరుస్తా ఉంటుంది. తల్లిని సాదో అనే ద్వీపంలో వేశ్యావాటికకి అమ్మేస్తారు, పిల్లల్ని టాంగో అనే ప్రాంతంలో సాన్షో అనేవాడి ఎస్టేట్‌కి బానిసలుగా అమ్మేస్తారు. సినిమాకి పేరు ఆ తల్లిదో పిల్లలదో కాదు, ఆ సాన్షోది, బానిసల్ని కాల్చి వాతలు పెట్టేవాడిది. ఎందుకట్లా పెట్టారా అని నేను చాలాసార్లు ఆలోచించా. వాడు తెరమీద కనపడేది తక్కువే, కానీ ఎవరు ఎక్కడ బతకాలి, ఎవరి మొహం ఎవరు చూడాలి అనేది వాడి చేతుల్లో ఉంది కదా, బహుశా అందుకేనేమో.

మా అమ్మని ఎవరూ అమ్మలేదు, ఆ మాట ముందే చెప్పాలి. తనే పోయింది. నాయన మూడు బోర్లు వేయించాడు, మూడూ ఫెయిలే, శెనక్కాయ రెండేళ్ళు వరసగా ఎండిపోయింది, అప్పు పెరిగిపోయింది. అప్పటి మా కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు, ప్రతి వీధిలో కువైట్ పోయినామె ఒకరుంటది, ఖద్దామా అంటారు అక్కడ ఇంటి పనామెని. ఏజెంటు రెండేళ్ళ వీసా అన్నాడు. 1995లో పోయింది. రెండేళ్ళు అయ్యాక పంపమంటే ఆ ఇంటివాళ్ళు పంపలేదు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు, అట్లా నాలుగేళ్ళయ్యింది.

అప్పట్లో మా ఊర్లో ఫోను ఒక్క అంగట్లోనే ఉండేది, అమ్మకి ఆ ఇంట్లో ఫోను ముట్టుకునే వీలు లేదు, అమ్మకి రాయడం సరిగా రాదు. కాబట్టి క్యాసెట్లు. మా వైపు వాళ్ళు ఎవరన్నా సెలవుకి వస్తా ఉంటే వాళ్ళ చేత పంపేది, ఒక నిడో పాలడబ్బా, టైగర్ బామ్ సీసాలు, పిల్లలకి గుడ్డలు, వాటి మధ్యలో గుడ్డలో చుట్టిన క్యాసెట్. రాత్రి అన్నాలయ్యాక అవ్వ, నాయన, నేను, చెల్లి చుట్టూ కూర్చుని టేప్ రికార్డర్ మీట నొక్కితే ముందు కాసేపు బుస్సుమని శబ్దం వచ్చేది, ఆ తర్వాత అమ్మ చిన్న గొంతుతో, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "చిన్నోడా... పాపా..." అని. ప్రతి క్యాసెట్ అట్లనే మొదలయ్యేది. ముందు మా ఇద్దరి పిలుపు, ఆ తర్వాతే అవ్వ బాగోగులు, డ్రాఫ్టు ఎంత పంపిందీ, ఎవరికి ఎంత కట్టాలీ. వెనకాల ఎప్పుడూ ఏదో మిషన్ తిరిగే శబ్దం ఉండేది, వాషింగ్ మిషన్ అని పెద్దయ్యాక తెలిసింది, ఆ శబ్దం చాటున మాట్లాడేదంట.

సినిమాలో పదేళ్ళు గడిచిపోతాయి. అంజు పెద్దదైంది, బానిసల మధ్య పని చేసుకుంటా ఉంటది. సాదో నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్ల పని చేస్తా చేస్తా ఏదో పాట పాడుకుంటా ఉంటది, అందులో మాటలు విని అంజు చెయ్యి ఆగిపోతుంది. జుషియో మీద బెంగ, అంజు మీద బెంగ, అని ఆ పాట. ఎక్కడ నేర్చుకున్నావ్ అంటే, మా ద్వీపంలో ఒక వేశ్య పాడేది, అందరికీ వచ్చేసింది అంటుంది ఆ పిల్ల. ఇంకోసారి పాడవా అని అడుగుతుంది అంజు. తల్లి బతికే ఉందని పదేళ్ళ తర్వాత ఆ బిడ్డకి అట్లా తెలుస్తుంది, సముద్రం దాటి ఒక నోటి నుంచి ఇంకో నోటికి వచ్చిన పాటలో. క్యోకో కగావా ఆ అంజు వేషం వేసింది, ఆ ఒక్క చోట ఆమె మొహం చూడటానికే నేను మళ్ళీ మళ్ళీ చూశా.

కానీ నన్ను కోసేసింది అంజు కాదు, జుషియో. నాన్న చెప్పిన మాటలు మర్చిపోయాడు వాడు. సాన్షోకి నమ్మినబంటు అయిపోయాడు. పారిపోబోయి దొరికిన ఒక ముసలాయన నుదుటి మీద వాడే చేతులారా కాల్చిన ఇనుముతో వాత పెడతాడు. చెల్లెలు అమ్మ పాట గురించి చెప్తే కూడా వాడిలో కదలిక ఉండదు, అమ్మని తల్చుకుని ఏం లాభం అన్నట్టు ఉంటాడు.

నేనూ అట్లనే అయ్యా. మూడో ఏడాదికి నాకు ఆ క్యాసెట్లు వినాలంటే చిరాకొచ్చేది, అమ్మ రాదు, గొంతొక్కటే వస్తది, దాంతో ఏం చేసుకోవాలి అనిపించేది. బడిలో పిల్లోళ్ళు మీ అమ్మ అరబ్బుల ఇంట్లో పాచిపని చేస్తదంట కదా అనేవాళ్ళు. ఏడో తరగతిలో కొత్తగా వచ్చిన సారు అందర్నీ అమ్మానాన్నల గురించి అడుగుతా నా దగ్గరికి వచ్చినప్పుడు నేను లేచి నిలబడి, అమ్మ లేదు సార్, అన్నా. సారు పాపం అని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఈ మాట ఇప్పటికీ అమ్మకి చెప్పలేదు.

ఇంకొకటి చేశా. క్యాసెట్‌కి పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యడానికి కుదరదు. అమ్మ ఎవరో చెప్తే నేర్చుకుని అవి విరిచే పంపేది. నేను ఆ సందులో కాగితం మడిచి కుక్కి, రేడియోలో వచ్చే సినిమా పాటలు ఎక్కించుకున్నా, అమ్మ గొంతు మీద. ఒక వైపు మొత్తం పోయింది. చివరి పాట అయిపోయాక మాత్రం ఒక ముక్క మిగిలిపోయింది, పాట తెగిపోగానే వాషింగ్ మిషన్ శబ్దం, అమ్మ గొంతు, "...జ్వరం తగ్గిందా పాపకి, చిన్నోడా, నువ్వు దగ్గరుండి చూసుకో" అని, అంతే, టేపు అయిపోతుంది. అవ్వ అది విని నన్నేమీ అనలేదు. ఆ ముక్క వరకే తిప్పి తిప్పి పెట్టి చెల్లికి వినిపించేది.

సినిమాలో ఒక జబ్బు మనిషిని కొండమీద చావడానికి వదిలేసి రమ్మని జుషియోని పంపిస్తారు, అంజు కూడా పోతుంది. ఎండా వానా తగలకుండా ఆమె మీద కప్పడానికి ఇద్దరూ కొమ్మలు విరుస్తా ఉంటారు, ఒక కొమ్మ విరక్క ఇద్దరూ కలిసి గుంజి కింద పడతారు, చిన్నప్పుడు పడినట్టే. అంతకుముందు విన్న తల్లి పిలుపు అప్పుడు గాల్లో మళ్ళీ వినపడుతుంది. అక్కడ మారతాడు జుషియో. ఎవరూ వాడికి ఉపదేశం చెయ్యరు, వాడి చేతులకి ఆ కొమ్మ గుర్తొస్తుంది. ఇంత గొప్పగా ఒక మనిషి తనలోకి తాను తిరిగి రావడం నేను ఇంకే సినిమాలో చూడలేదు, ఈ మాట నేను గట్టిగానే చెప్తా.

అన్నని పారిపొమ్మని పంపించేసి అంజు వెనక ఉండిపోతుంది. పట్టుకుని హింసిస్తే అన్న ఎటు పోయాడో నోరు జారతానేమో అని చెరువులోకి నడుచుకుంటా పోతుంది. కెమెరామాన్ కజువో మియాగావా, రషోమోన్ అనే ఇంకో జపాన్ సినిమాకి కూడా కెమెరా పట్టింది ఆయనే. చెట్ల సందుల్లోంచి దూరంగా చూపిస్తాడు, మంచు లాంటి వెలుగు, నీళ్ళు కదలవు, ఆ పిల్ల మెల్లగా దిగుతుంది, మునగడం కూడా దగ్గర్నుంచి చూపించడు, తర్వాత చూస్తే నీళ్ళ మీద వలయాలు మాత్రం ఉంటాయి. అరుపు లేదు, ఏడుపు లేదు.

ఈ కథ అక్కడి జనంలో ఎప్పట్నుంచో ఉంది, 1915లో మోరి ఓగాయ్ అనే రచయిత దాన్ని కథగా రాశాడు. అందులో అంజు అక్క, జుషియో తమ్ముడు, మిజోగుచి దాన్ని తిరగేసి అంజుని చెల్లెలు చేశాడు. ఆయన సొంత జీవితం గురించి చదివాక నాకు ఈ సినిమా ఇంకో రకంగా అర్థమైంది. ఆయన 1898లో టోక్యోలో పుట్టాడు, రష్యాతో యుద్ధం జరిగేటప్పుడు వాళ్ళ నాన్న సైనికులకి వానకోట్లు అమ్మి సంపాదిద్దామని పెట్టుబడి పెట్టాడు, యుద్ధం తొందరగా అయిపోయింది, మొత్తం మునిగిపోయారు. అక్కని వేరేవాళ్ళకి ఇచ్చేశారు, ఆమె గీషా అయ్యింది, అంటే ఆటపాటలతో అతిథుల్ని అలరించే వృత్తిలోకి పోయింది, తర్వాత ఆమె సంపాదనే ఈయన్ని నిలబెట్టింది. మా నాయన బోర్లు గుర్తొచ్చాయి నాకు. ఇంట్లో మగాడి లెక్క తప్పితే ఆ అప్పు ఆడవాళ్ళు తీరుస్తారు, అది ఆయన కళ్ళతో చూసినోడు, అందుకే ఆయన సినిమాల్లో ఆడవాళ్ళ కష్టం పైపైన ఉండదు. వెనిస్ సినిమా పండగలో 1952, 53, 54 వరసగా మూడేళ్ళు ఆయన సినిమాలకి బహుమతులొచ్చాయి, మూడోది ఇదే. 1956లో లుకేమియాతో చనిపోయాడు.

జుషియో తప్పించుకుని రాజధానికి పోతాడు, తండ్రి పేరు తెలిసి వాడిని టాంగో గవర్నర్‌ని చేస్తారు, వచ్చీ రాగానే బానిసత్వాన్ని రద్దు చేస్తాడు, ఆ ఎస్టేట్‌ల మీద గవర్నర్‌కి అధికారం లేదు అని కింద ఉద్యోగులు మొత్తుకున్నా వినడు, సాన్షోని పట్టిస్తాడు. అంజు కోసం అడిగితే లేదని తెలుస్తుంది. పదవి వదిలేసి ఒక్కడే సాదోకి పోతాడు.

అక్కడ సముద్రపు ఒడ్డున, ఉప్పెన వచ్చి పోయిన ఊర్లో, ఒక గుడిసె ముందర గుడ్డి ముసలామె కూర్చుని పాడుకుంటా ఉంటది. గొంతు కూడా సరిగా రాదు. జుషియో మీద బెంగ, అంజు మీద బెంగ. అమ్మా నేను జుషియోని అంటే నమ్మదు, ఎవరో ఆట పట్టిస్తున్నారని నెట్టేస్తుంది. కన్నోన్ బొమ్మ చేతిలో పెడితే, తడిమి తడిమి చూసుకుంటుంది. ఆ తల్లి వేసినామె కినుయో తనాకా, ఆ వేళ్ళు చూడండి ఒక్కసారి, కళ్ళు లేని మనిషికి వేళ్ళే కళ్ళు అని నటించినట్టు ఉండదు. ఓగాయ్ కథలో అట్లాంటి ఒక దేవుడి బొమ్మ మహిమతో తల్లికి చూపు వస్తుంది. సినిమాలో రాదు. నాకు రాకపోవడమే నిజం అనిపిస్తుంది, నాలుగేళ్ళు నాలుగేళ్ళే, అమ్మ వచ్చాక కూడా చెల్లి చిన్నతనం అమ్మకి దొరకలేదు. "అంజు ఏది?" అని అడుగుతుంది ఆ తల్లి. నాన్న దగ్గరుంది అంటాడు. చివర్న కెమెరా వాళ్ళిద్దర్నీ వదిలి పక్కకి పోతుంది, ఒకాయన సముద్రపు నాచు ఆరబెట్టుకుంటా ఉంటాడు, ఆ వెనకాల సముద్రం.

2020 లాక్‌డౌన్‌లో నేను మూడు నెలలు ఊర్లో ఉన్నా. ఒక మధ్యాహ్నం అమ్మకి చూపించా. మంచం మీద లాప్‌టాప్ పెట్టి, పక్కన కూర్చుని ఒక్కొక్క మాట తెలుగులో చెప్తా పోయా. అమ్మ చింతపండు గింజలు తీస్తా చూసింది. పారిపోబోయిన తల్లి కాలి నరం కోసేసే చోట అమ్మ చెయ్యి ఆగింది. ఆ తర్వాత ఆ తల్లి కుంటుకుంటా సముద్రం వైపు గట్టు మీదికి పోయి జుషియో, అంజు అని అరుస్తుంది కదా, అప్పుడు అనింది, "నాకు కాళ్ళు బానే ఉండె రా, పాస్‌పోర్టే లేకపాయె" అని. ఇంకా చెప్పింది, ఎప్పుడూ చెప్పని సంగతి, మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు ఒక్కటే ఉండేదంట, మన దేశం ఏ దిక్కున ఉందో తెలీదు, ఇమానాలు ఎక్కువగా పోయే దిక్కు చూసుకుని మా ఇద్దర్నీ పిలిచేదంట, మెల్లగా, రోజూ.

నేనేమీ మాట్లాడలేకపోయా. సినిమా అట్లా నడుస్తానే ఉంది.

అయిపోయాక అమ్మ పాట గురించి అడుగుతుందనుకున్నా, జుషియో గురించో అంజు గురించో అడుగుతుందనుకున్నా. గింజలన్నీ ఒక పక్కకి ఊడ్చి, "ముందర పడవలోంచి నీళ్ళలో పడిపోయిందే, ఆ పనామె, ఆయమ్మ పేరేంది?" అనింది. నాకు గుర్తు రాలేదు. అన్నిసార్లు చూశా, ఆమె పేరు నాకు తెలీదు. "ఆయమ్మకి పిల్లోళ్ళు లేరా, ఎవరూ ఎతుక్కోలేదే ఆయమ్మని" అనింది అమ్మ.

వెనక్కి తిప్పా. కొమ్మలు విరిచే చోట, పూజారిణి వచ్చే చోట, పడవ దగ్గర, ఒక్కో చోటా ఆపి ఆపి వెతికి చెప్పా, ఉబతాకె అమ్మా, అని. అమ్మకి మొదటిసారి నోరు తిరగలేదు. ఉబ... తాకె, అని రెండుసార్లు అనుకుని, చేట ఎత్తుకుని లోపలికి పోయింది.